నోటికి రుచి తప్పినప్పుడు: రోగిని ప్రశ్నించు విధము, చేయదగిన ఉపచారము

కోడలు వండిన పప్పులో ఉప్పు లేదని మామగారు విస్తరి ముందునుండి లేచిపోవును. అదే పప్పు తిన్న తక్కినవారు ఉప్పు సరిగనే ఉన్నదందురు. మరునాడు కోడలు ఒక చెంచా ఉప్పు హెచ్చుగా వేయును. ఇంటివారు నోట పెట్టజాలరు. మామగారికి మాత్రము చప్పగనే తోచును. పది దినములు ఇట్లు గడచునప్పటికి ఇంట మాటలు పెరుగును, ముసలివాడు చిక్కిపోవును. తుదకు సంగతి పంచాయతీ సభ్యుని చెవిని పడును. సభ్యుడు కోడలికి బుద్ధి చెప్పి పంపుటయో, ముసలివాని చాదస్తమని నవ్వి ఊరకుండుటయో వాడుక. ఈ రెండును పొరపాటు కావచ్చును. అచ్చట దోషము వంటలోను లేదు, మనిషి స్వభావములోను లేదు. రుచి తప్పుట ఒక వ్యాధి లక్షణము. దానిని గుర్తించి విచారించుట ఎట్లో, ఏమి చేయవలెనో ఈ పాఠములో తెలిసికొందము.

శంషాబాదు నేర్పిన పాఠము

ఈ లక్షణమును లోకమంతయు ఒక్కసారిగా గుర్తించిన సందర్భము ఇటీవలనే కలిగినది. 2008 మార్చిలో హైదరాబాదు విమానముల రాకపోకలు బేగంపేటనుండి శంషాబాదునకు మారినవి. నాటినుండి దేశదేశముల ప్రయాణికులు ఈ ప్రాంతముననే దిగుచున్నారు. 2020 మార్చి 2వ తేదీన తెలంగాణలో మొదటి కరోనా రోగి ఉన్నట్లు నిర్ధారణ అయినది. ఆ దినములలో విమానాశ్రయమున ప్రయాణికుల ఒంటి వేడిని దూరమునుండియే కొలుచు యంత్రములను ఉపయోగించిరి. జ్వరమున్నవానిని యంత్రము పట్టగలదు. కాని జ్వరము లేక, వాసన, రుచి మాత్రమే పోయిన రోగులును ఉండిరి. వారిని ఏ యంత్రమును పట్టలేదు. ఆకస్మికముగా వాసన గాని రుచి గాని పోవుటను 2020 జూన్ 13వ తేదీన కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ కరోనా లక్షణములలో చేర్చినది.

దీనినుండి మనము గ్రహింపవలసినది ఒకటి కలదు. జ్వరమును కొలుచుటకు యంత్రమున్నది, రక్తపోటును కొలుచుటకు యంత్రమున్నది. రుచి తప్పినదా అను విషయము మాత్రము రోగిని అడిగిన గాని తెలియదు. అడుగుటకు పెద్ద చదువు అక్కరలేదు, ఓపిక కావలెను. ఊరిలో ఆ పని ఆశా కార్యకర్త చేయగలదు, పంచాయతీ సభ్యుడును చేయగలడు.

రుచి అనగా నేమి?

ఉగాది పచ్చడిలో ఆరు రుచులున్నవని మనము చెప్పుకొందుము: తీపి, పులుపు, ఉప్పు, కారము, చేదు, వగరు. శరీర శాస్త్రజ్ఞుల లెక్క కొంచెము వేరు. నాలుక మీదను, అంగుటిలోను, గొంతులోను కొన్ని వేల రుచిమొగ్గలు కలవు. ఇవి తీపి, పులుపు, ఉప్పు, చేదు అను నాలుగింటిని, వాటితోపాటు మాంసపు రసము, పుట్టగొడుగులు మొదలగువాటిలోని కమ్మదనమును గుర్తించును. కారము వాస్తవముగా రుచి కాదు, అది మంట. దానిని తెలుపు నరము వేరు. వగరు నోటిని పట్టునట్లు తోచు స్పర్శ. నాలుక కొనయందు తీపి, వెనుక చేదు తెలియునని కొన్ని పుస్తకములలో గీసిన పటము సరికాదు. నాలుకపై రుచిమొగ్గలున్న ప్రతి చోటను అన్ని రుచులును తెలియును.

ఇక అన్నిటికంటె ముఖ్యమైన సంగతి. మనము రుచి అనుకొనుదానిలో చాల భాగము వాసనయే. ముక్కు గట్టిగా మూసికొని నాలుగు జీలకర్ర గింజలు నమిలి చూడుడు. ఏదో కొంచెము చేదు తప్ప మరేమియు తెలియదు. ముక్కు విడువగానే జీలకర్ర జీలకర్రగా తెలియును. నమలిన పదార్థపు వాసన గొంతు వెనుకనుండి ముక్కులోనికి పోవుటయే దీనికి కారణము. పడిసెము పట్టినప్పుడు అన్నము గడ్డివలె ఉండుట ఇందువలననే.

నోటికి రుచి లేదని వచ్చువారిలో పెక్కుమందికి నాలుక బాగుగనే ఉండును, ముక్కు చెడి ఉండును. అట్టివారికి కారపు మంట మాత్రము తెలియుచునే ఉండును. కావున వారు మిరపకాయ, ఉప్పు, ఊరగాయ మరింత పెంచుకొందురు. రక్తపోటు ఉన్నవానికి ఇది కీడు. పెద్దలకు దినమునకు 5 గ్రాముల లోపు ఉప్పు చాలునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది.

మొదట అడుగవలసిన ప్రశ్నలు

ఒకటవ ప్రశ్న: ఈ మాట ఒక్కరే చెప్పుచున్నారా, పలువురా? ఒక వీధివారందరును నీరు ఉప్పగా ఉన్నదనియో, ఇనుము రుచి వచ్చుచున్నదనియో చెప్పినచో దోషము నాలుకలో లేదు, నీటిలో ఉన్నది. అప్పుడు పంపవలసినది రోగిని కాదు. బోరు నీటి నమూనాను పరీక్షకు పంపవలెను. ఒక ఇంటివారందరును చిలుము రుచి యనినచో, కళాయి పోయిన ఇత్తడి గిన్నెలో చింతపండు పులుసు కాచుచున్నారేమో చూడవలెను. ఒక్క మనిషికే తేడా తోచినప్పుడు మిగిలిన ప్రశ్నలు అడుగవలెను.

రెండవ ప్రశ్న: ఎప్పటినుండి? ఒక్కనాటనే పోయినదా, మెల్లగా తగ్గినదా? ఆకస్మికముగా పోయినచో జలుబు, కరోనా వంటి జ్వరము, తలకు దెబ్బ, క్రొత్త మందు అను నాలుగింటిని తలచుకొనవలెను. మెల్లగా తగ్గినచో వయసు, పండ్ల వ్యాధి, మధుమేహము, పొగాకు, పోషకాహార లోపము గుర్తునకు రావలెను.

మూడవ ప్రశ్న: ఎట్లున్నది? అంతయు చప్పగా ఉన్నదా? ఏమియు తినకున్నను నోరు చేదుగా, ఇనుము నాకినట్లు ఉన్నదా? లేక పూర్వము ఇష్టమైన ఉల్లి, వెల్లుల్లి, కాఫీ, మాంసము ఇప్పుడు కుళ్లువాసన కొట్టుచున్నవా? చప్పదనము ఎక్కువగా ముక్కు దోషము. ఎడతెగని చేదు, లోహపు రుచి ఎక్కువగా మందు వలననో, నోటి దోషము వలననో కలుగును. మంచి వాసనలు కుళ్లుగా మారుట జలుబు, కరోనాల పిదప ముక్కు నరములు తిరిగి కోలుకొను కాలమున చూడబడును.

నాలుగవ ప్రశ్న: ఏ మందులు వాడుచున్నారు? మందుల చీటీయు, మాత్రల అట్టయు తెప్పించి చూడవలెను. మధుమేహమునకిచ్చు మెట్‌ఫార్మిన్, విరేచనములకును చిగుళ్ల చీమునకును ఇచ్చు మెట్రోనిడజోల్ నోట లోహపు రుచి పుట్టింపవచ్చును. తామరకు వాడు టెర్బినఫిన్ మాత్రలు కొందరికి రుచిని పోగొట్టును. రక్తపోటు మాత్రలలో కొన్నియు, క్షయ మందులలో కొన్నియు ఇట్టివే.

ఐదవ ప్రశ్న: ఎంత తినుచున్నారు? బట్టలు వదులైనవా? ఇది అన్నిటికంటె ముఖ్యము. రుచి పోయినవాడు దాని వలననే చనిపోడు. రుచి లేదని తిండి మానిన రోగి క్షీణించును.

ఇంటివద్ద చేయదగిన పరీక్ష

ఆశా కార్యకర్త గాని, ఉపకేంద్రపు నర్సు గాని ఈ పరీక్ష చేయవచ్చును. నాలుగు చిన్న గిన్నెలలో పంచదార నీరు, ఉప్పు నీరు, నిమ్మరసము కలిపిన నీరు, కాకరకాయ రసము ఉంచవలెను. రోగిని కన్నులు మూసికొనుమని, శుభ్రమైన దూదిని ఒక్కొక్కదానిలో ముంచి నాలుకకు తాకింపవలెను. ఏ రుచియో చెప్పిన పిదప మంచినీటితో పుక్కిలించి ఉమియవలెను. చేదును చివరకుంచవలెను. ఒక్క బొట్టు చాలును కనుక మధుమేహ రోగికిని దీనివలన హాని లేదు.

తరువాత కన్నులు మూయించి, ఒక ముక్కు రంధ్రము మూసి, రెండవ రంధ్రము వద్ద కాఫీ పొడి గాని లవంగము గాని ఉంచి, ఏ వాసనయో అడుగవలెను. పిదప రెండవ వైపును అట్లే చూడవలెను. దీనికి మిరపపొడి గాని, ఘాటైన అంజనము గాని వాడరాదు. అవి వాసన తెలియనివానికిని మంట పుట్టించును కనుక పరీక్ష తప్పిపోవును.

నాలుగు రుచులును తెలిసి వాసన తెలియనిచో దోషము ముక్కుది. వాసన తెలిసి రుచులు తెలియనిచో నోరు, మందులు, నరములు విచారింపవలెను. నాలుక ముందు భాగపు రుచిని తెలుపు నరము చెవి మధ్యభాగము మీదుగా పోవును. కావున చెవి చీము కారువారికిని, ముఖ నరము దెబ్బతిని మూతి వంకర పోయినవారికిని నాలుకకు ఒక వైపే రుచి తప్పవచ్చును. చెవి సంగతి అడుగకున్నచో ఇది తెలియదు.

పిమ్మట వెలుతురులో నోరు తెరిపించి చూడవలెను. నాలుకపై పెరుగు తరకవంటి తెల్లని పొర తుడిచిన ఊడివచ్చుచు, క్రింద ఎర్రగా ఉన్నచో అది బూజు జాతి వ్యాధి. మధుమేహము అదుపులో లేనివారికిని, ఆయాసమునకు మందు పీల్చి నోరు పుక్కిలింపనివారికిని ఇది వచ్చును. నాలుక నున్నగా, పాలిపోయి ఉన్నచో రక్తహీనతను శంకింపవలెను. గర్భిణీ స్త్రీకి మట్టి, బలపము, పచ్చి బియ్యము తినవలెనని కోరిక పుట్టినచో దానిని వేవిళ్లుగా మాత్రమే ఎంచరాదు. అది ఇనుము లోపమునకు గుర్తు కావచ్చును. ఆమెకు రక్తపరీక్ష చేయింపవలెను.

ఉపచారము

మొదటి నియమము: మందు వలన రుచి చెడినదని రోగి తనంతట తాను మందు మానరాదు. ముఖ్యముగా క్షయ రోగి ఈ తప్పు చేసినచో వ్యాధి తిరుగబెట్టును, మందులకు లొంగకుండునట్లు ముదురును, ఇంటివారికిని అంటును. వైద్యునికి చెప్పినచో మందు వేళ మార్చుటయో, బదులు మందు ఇచ్చుటయో చేయును. అయితే క్షయ మందులు వాడువానికి తిండి సహింపకపోవుటతోపాటు వాంతులు, కన్నుల పచ్చదనము, మూత్రము ముదురు రంగు కనబడినచో అది కాలేయమునకు సంబంధించిన ప్రమాదము. ఆనాడే వైద్యునికి చూపవలెను.

రెండవది నోటి శుభ్రత. ఉదయము, రాత్రి పండ్లు తోముకొనవలెను. నాలుక మెల్లగా గీసికొనవలెను. గోరువెచ్చని గ్లాసెడు నీటిలో చిటికెడు ఉప్పు, చిటికెడు వంటసోడా కలిపి భోజనమునకు ముందు పుక్కిలించి ఉమియవలెను. కట్టుడు పండ్లు రాత్రి తీసి కడిగి నీటిలో ఉంచవలెను. గుట్కా, జర్దా, బీడీ, చుట్ట మానవలెను. ఇవి రుచిని చంపుటయే కాక నోటి క్యాన్సరునకు ముఖ్యకారణములు.

మూడవది ఆహారము. లోహపు రుచి తోచువారు స్టీలు కంచము మాని మోదుగాకు విస్తరిలో తిని, చెక్క చెంచా వాడినచో కొంత మేలు. నోట పుండ్లు లేనిచో నిమ్మకాయ, మామిడికాయ, చింతచిగురు, ఉసిరిక రుచిని లేపును. ఉప్పు పెంచుటకు బదులు కొత్తిమీర, పుదీన, కరివేపాకు, అల్లము వాడవలెను. మాంసము చేదుగా తోచువారు గ్రుడ్లు, పప్పు, పెరుగు, వేరుసెనగలు తినవచ్చును. వేడి అన్నపు ఆవిరికి వికారము కలుగువారికి చల్లారిన పెరుగన్నము సహించును. రెండు పూటలకు బదులు ఐదారు మారులు కొంచెము కొంచెముగా పెట్టవలెను. వారమున కొకసారి తూకము చూచి వ్రాసి ఉంచవలెను.

నాలుగవది ముక్కునకు సాధన. జలుబు, కరోనాల పిదప వాసన తిరిగి రానివారికి వైద్యులు దీనిని చెప్పుదురు. లవంగము, నిమ్మతొక్క, గులాబి, నీలగిరి తైలము అను నాలుగింటిని ఒక్కొక్కటిగా ఇరువది సెకండ్ల చొప్పున, ఆ వస్తువునే తలచుకొనుచు, మెల్లగా వాసన చూడవలెను. ఉదయము ఒకసారి, రాత్రి ఒకసారి, కనీసము పన్నెండు వారములు చేయవలెను. ఇది అందరికిని ఒకే విధముగా పనిచేయకపోవచ్చును. అయినను ఖర్చు లేదు, హాని లేదు. కరోనా సోకినవారిలో పెక్కుమందికి కొన్ని వారములలోనే వాసన తిరిగి వచ్చినది. కొందరికి నెలలు పట్టినది.

జింకు మాత్రలు ఆ లోపము ఉన్నవారికి మాత్రమే ప్రయోజనకరములు. దుకాణములో అడిగి కొని మ్రింగరాదు.

క్యాన్సరు చికిత్సకు పోవువారి సంగతి ప్రత్యేకము. నోరు, గొంతుల క్యాన్సరునకు కిరణ చికిత్స చేసినప్పుడు కొద్ది వారములలోనే లాలాజలము తగ్గి, రుచి పోవుట సాధారణము. రుచిమొగ్గలలోని కణములు సుమారు పది దినములకొకసారి క్రొత్తవి పుట్టుచుండును; చికిత్స ఆ పుట్టుకను అడ్డును. చికిత్స ముగిసిన కొన్ని నెలలకు పెక్కుమందికి రుచి చాలవరకు తిరిగి వచ్చును. ఈ మాట రోగికి ముందుగనే చెప్పి ఉంచవలెను. చెప్పకున్నచో తన పని అయిపోయినదని భయపడి, తిండియు చికిత్సయు రెండును మానివేయును.

ఆలస్యము చేయరానివి

రుచి తప్పుటతోపాటు మూతి వంకర పోయి, మాట తడబడి, చేయి గాని కాలు గాని పట్టు తప్పినచో వెంటనే 108 వాహనమును పిలువవలెను. అది పక్షవాతము కావచ్చును. కాళ్లు వాచి, మూత్రము తగ్గి, నోరు చేదెక్కి వికారము ఉన్నచో మూత్రపిండములను పరీక్ష చేయింపవలెను. రెండు వారములైనను మానని నోటి పుండును, తెలుపు గాని ఎరుపు గాని మచ్చను దంతవైద్యునికి చూపవలెను. తలకు దెబ్బ తగిలిన పిదప వాసన పోయినవానిని, తెలియు కారణము లేకయే తూకము తగ్గుచున్నవానిని కూడ పంపవలెను.

మొదట ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు పోవలెను. అచ్చటి వైద్యుడు అవసరమనినచో హైదరాబాదు కోఠీలోని ప్రభుత్వ చెవి, ముక్కు, గొంతు ఆసుపత్రికిని, అఫ్జల్‌గంజిలోని ప్రభుత్వ దంత వైద్యశాలకును, రెడ్‌హిల్స్‌లోని మెహదీ నవాజ్ జంగ్ క్యాన్సరు ఆసుపత్రికిని పంపును. శంషాబాదు ప్రాంతపు వారికి ఇవి ఒక్క పూట ప్రయాణములో అందునవే.

వాసన తెలియనివాని ఇంట మరొక అపాయము కలదు. వంటగ్యాసునకు సహజముగా వాసన లేదు; కారినప్పుడు తెలియుటకై దుర్వాసనగల పదార్థమును అందు కలుపుదురు. ఆ వాసన తెలియనివాడు ఒంటరిగా ఉన్నచో ప్రమాదమును ఎరుగజాలడు. అట్టి ఇంట పొయ్యి వాడనప్పుడు సిలిండరు మీట కట్టివేయవలెను, గొట్టమును తరచుగా మార్పింపవలెను. పాచిపోయిన అన్నమును, పాడైన కూరను మరియొకరు చూచి చెప్పవలెను.

పంచాయతీ చేయవలసిన పని

విమానాశ్రయము చుట్టుపట్ల ఊళ్లనుండి పలువురు సరకుల గోదాములలోను, హోటళ్ల వంటశాలలలోను, వాహనములపైనను పనిచేయుచున్నారు. వంటవానికి రుచి పోయినచో కూలి పోవును. ఆ భయముచేత అతడు సంగతి దాచును. కావున రుచి తప్పుట సిగ్గుపడవలసిన విషయము కాదని గ్రామసభలో బహిరంగముగా చెప్పవలెను.

గ్రామ ఆరోగ్య, పారిశుద్ధ్య, పోషణ సంఘపు సమావేశమున ఆశా కార్యకర్తను మూడు ప్రశ్నలు అడుగుడు: ఈ నెలలో తిండి తగ్గిన రోగులు ఎందరు? మందు మానినవారు ఎందరు? వారు ఎందుకు మానిరో అడిగితిరా? క్షయ రోగులకు పోషణ నిమిత్తము కేంద్ర ప్రభుత్వమిచ్చు నెలసరి సహాయము 2018లో 500 రూపాయలుగా మొదలై, 2024 నవంబరునుండి 1,000 రూపాయలైనది. అది రోగి ఖాతాలో పడుచున్నదా, ఆ సొమ్ము గ్రుడ్లకును పప్పునకును ఖర్చగుచున్నదా అనియు విచారింపవలెను. ఇండ్లలో వంటగదివరకు పోయి మాటలాడగల మహిళా సభ్యులు ఈ పనికి మిక్కిలి తగినవారు.

ఇక మొదట చెప్పిన ఇంటి సంగతి. ఆ మామగారిని పిలిచి తగవు తీర్చుటకు ముందు ఈ ప్రశ్నలు అడిగి చూడుడు. రెండు నెలల క్రితము జలుబు చేసినదనియో, క్రొత్త మాత్రలు మొదలిడితిననియో, నోట పొక్కులున్నవనియో చెప్పవచ్చును. అప్పుడు కోడలిపై నింద తొలగును, ముసలివానికి చికిత్స దొరకును, కుండలో ఉప్పు తిరిగి అందరికిని సరిపోవునంతయే పడును. ఆ ఇంటివారు కోరినది తీర్పు కాదు. సంగతి తెలిసినవాడొకడు కూర్చుండి ఓపికగా వినుట. అంతటి పని ప్రతి పంచాయతీ సభ్యునికిని సాధ్యమే.